పటాలానికి పోయినోళ్ళ పేర్లు ఏ పుస్తకంలో ఉన్నాయి?

యుద్ధాల చరిత్ర మీద పుస్తకాలు కుప్పలు తెప్పలుగా వస్తున్నాయి. విజయవాడ పుస్తకాల షాపుల్లో బీరువాల నిండా ఉంటాయి. హిట్లరు, చర్చిల్, స్టాలిన్, ట్యాంకులు, విమానాలు, అణుబాంబు. బళ్ళో మేము చెప్పే సాంఘిక శాస్త్రంలోనూ రెండు ప్రపంచ యుద్ధాలు ఉన్నాయి. 1914లో యుద్ధం ఎందుకొచ్చింది, 1939లో ఎందుకొచ్చింది, ఎవరు గెలిచారు, ఏ సంధి జరిగింది అని పిల్లలు బట్టీ పడుతున్నారు, మార్కులు తెచ్చుకుంటున్నారు. అయితే ఆ యుద్ధాల్లో గుండ్ల పెట్టెలు ఎవరు మోశారు? కందకాలు ఎవరు తవ్వారు? దండు దిగిన చోట పాకీ పని ఎవరు చేశారు? శవాలు ఎవరు పూడ్చారు? వీటికి పాఠంలో జవాబు లేదు.

మన పల్లెల్లో ఎంతో కొంత జవాబు ఉంది. జగ్గయ్యపేట, నందిగామ మెట్ట గ్రామాల్లో ఏ మాలపల్లెకో మాదిగ గూడేనికో పోయి, "ఈ పేట నుంచి పటాలానికి పోయినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగి చూడండి. చాలా చోట్ల "మిలట్రీ తాత" మాట ఎత్తుతారు. తాత లేకపోతే ఆయన మనవణ్ణి చూపిస్తారు. ఏ దేశం పోయాడో, ఏ ఏట పోయాడో మనవడికి తెలియదు. ఇంట్లో ఒక రేకు పెట్టె ఉంటుంది. అందులో చిరిగిన కాగితం ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఎవరూ చదవలేదు.

మేము చెప్పదలచుకున్నది ఇదే. యుద్ధ చరిత్ర పుస్తకాలు మనం చదవాలి, మోసిన వాడి వైపు నుంచి చదవాలి. చదివి అందులో తప్పిపోయిన మన పేర్లు మనమే రాసుకోవాలి. ఆ రేకు పెట్టెలు చెదలు తినకముందే రాసుకోవాలి.

చరిత్ర పుస్తకాలకు మన మెట్ట పెట్టింది పేరు

తెలుగులో చరిత్ర పుస్తకం అనగానే మన ప్రాంతం గొప్పగా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1877లో పుట్టింది మన పెనుగంచిప్రోలులోనే. మునగాల సంస్థానంలో దివానుగా ఉన్న ఆయన పూనికతో 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. ఆ మండలి అచ్చేసిన తొలి పుస్తకాల్లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి అబ్రహాం లింకన్ చరిత్ర ఉంది. బానిసత్వం మీద అమెరికాలో జరిగిన అంతర్యుద్ధం కథ అట్లా తెలుగు ఇళ్ళకు చేరింది. నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు గారు ఫ్రెంచి విప్లవం మీద తెలుగులో పుస్తకం రాశారు.

ఇది చిన్న పని కాదు. అది లేకపోతే ఇవాళ మేము బళ్ళో చెప్పే చరిత్రకు తెలుగు మాటే లేదు. కానీ అమెరికా నీగ్రో బానిస విముక్తి తెలుగులో అచ్చవుతున్న రోజుల్లో మన మెట్టలో జీతగాడు అప్పు తీరక ఆసామి గొడ్ల వెంట తిరుగుతున్నాడు. ఆయన పిల్లకాయను బడి గడప ఎక్కనియ్యలేదు. పుస్తకం ఊళ్ళోకి వచ్చింది గానీ పల్లెలోకి రాలేదు. అందుకే పారిస్ జనం కోట పగలగొట్టిన కథ తెలుగులో ఉంది, పెనుగంచిప్రోలు పల్లె నుంచి పటాలానికి పోయిన వాడి కథ లేదు.

సిపాయికి మన పేరు పెట్టి మనకే తలుపు వేశారు

ఉత్తర హిందూస్థానంలో సిపాయిని ఒకప్పుడు "తిలంగా" అనేవాళ్ళు. తిలంగా అంటే తెలుగు దేశపు వాడు. కుంఫిణీ వాళ్ళు మద్రాసు తీరాన చేర్చుకున్న సిపాయీలను తీసుకునే క్లైవు బెంగాల్లో దిగి 1757లో ప్లాసీ యుద్ధం చేశాడు. మన జాతి పేరే సిపాయికి పేరైంది. ఆ మద్రాసు సైన్యంలో తెలుగు, తమిళ అంటరాని కులాల వాళ్ళు చాలామంది ఉన్నారు. ఊళ్ళో చెప్పులేసుకుని నడవనియ్యని వాడికి అక్కడ బూట్లిచ్చారు. బావి తాకనియ్యని వాడి చేతికి తుపాకి ఇచ్చారు.

తర్వాత తెల్ల దొరలు మాట మార్చారు. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సైన్యాధిపతిగా, 1893 దాకా ఇండియా సైన్యాధిపతిగా ఉన్న రాబర్ట్స్ అనే జనరల్, దక్షిణాది వాళ్ళలో పోరాట గుణం చచ్చిపోయిందని తేల్చాడు. "యుద్ధ జాతులు" అనే సిద్ధాంతం తెచ్చారు. పంజాబీ, గూర్ఖా, పఠాన్, రాజపుత్రులు పుట్టుకతోనే వీరులట, మిగతా వాళ్ళు కాదట. పుట్టుకను బట్టి పని పంచటం ఎవరి సిద్ధాంతమో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. మనువు ఊళ్ళో రాసిన చట్టాన్ని రాబర్ట్స్ పటాలంలో రాశాడు. తెలుగు పటాలాలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి.

మహర్లకూ ఇదే గతి పట్టింది. బాబాసాహెబ్ అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు, సైనిక బడిలో హెడ్మాస్టరు. బాబాసాహెబ్ 1891 ఏప్రిల్ 14న పుట్టింది మౌ కంటోన్మెంటులో. సైన్యం పెట్టిన చదువు ఒక ఇంట్లోకి పోతే ఏం జరుగుతుందో దేశమంతా చూసింది. ఆ సరికే మహర్ల భర్తీ ఆపేస్తున్నారు. పాత సైనికుడు గోపాల్ బాబా వాలంగ్కర్ 1894లో భర్తీ కోసం అర్జీ రాశాడు. దొరలు వినలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోయేసరికి 1917లో 111వ మహర్ పటాలం లేపారు, 1921లో రద్దు చేశారు. రెండో యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మహర్ రెజిమెంటు పెట్టారు. 1943లో చమార్ రెజిమెంటు పెట్టి బర్మా వైపు జపాను మీదికి పంపి 1946లో రద్దు చేశారు. చావు అవసరమైనప్పుడు మనం వీరులం, అవసరం తీరినాక అంటరానివాళ్ళం.

అయినా మహర్లకు ఒక ఆధారం దొరికింది. 1818 జనవరి 1న కోరేగావ్ దగ్గర పేష్వా సేనతో జరిగిన యుద్ధానికి కుంఫిణీ వాళ్ళు ఒక స్తంభం కట్టారు. దాని మీద చనిపోయిన 49 మంది కుంఫిణీ సిపాయీల పేర్లు చెక్కారు. అందులో 22 పేర్లు "నాక్" అని ముగుస్తాయి. అవి మహర్ల పేర్లు. 1927 జనవరి 1న అంబేద్కర్ ఆ రాయి దగ్గరికి పోయి నిలబడ్డాడు. అప్పటి నుంచి ఏటా లక్షల మంది దాకా చేరుతున్నారు. 2018లో 200 ఏళ్ళ పండగకు పోయిన వాళ్ళ మీద దాడి జరిగింది. రాయి మీద 22 పేర్లుంటేనే ఇంత కథ నడిచింది. మన తెలుగు మాల మాదిగ సిపాయీలకు అట్లాంటి రాయి ఎక్కడుంది? పశ్చిమ గోదావరిలో మాధవరాన్ని అందరూ మిలటరీ మాధవరం అంటారు. ఊరి నుంచి పోయిన వాళ్ళ లెక్క ఊరు దాచుకుంది, స్తూపం నిలబెట్టుకుంది. లెక్క దాచుకున్న ఊరికి పేరు నిలిచింది.

పేరున్న చావు, పేరు లేని చావు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఇండియా నుంచి 13 లక్షల మందికి పైగా పనిచేశారు. 74 వేల మంది దాకా చచ్చిపోయారు. ఢిల్లీలో ఇండియా గేటు ఆ కాలపు యుద్ధాల్లో చనిపోయిన వాళ్ళ గుర్తుగా 1931లో కట్టిందే. దాని మీద 13 వేల పైచిలుకు పేర్లున్నాయి. మిగతా వాళ్ళ సంగతి?

రాధికా సింఘా అనే చరిత్రకారిణి 2020లో "ది కూలీస్ గ్రేట్ వార్" అనే పుస్తకం రాశారు. ఇండియా సైన్యంలో 5 లక్షల 50 వేల మందికి పైగా తుపాకి పట్టని వాళ్ళు ఉన్నారని అందులో చూపించారు. కూలీలు, మూటలు మోసిన వాళ్ళు, గుర్రాలు కాసిన వాళ్ళు, నీళ్ళు తెచ్చిన భిస్తీలు, డోలీలు మోసిన వాళ్ళు, వంటవాళ్ళు, పాకీవాళ్ళు. సైన్యం భాషలో వాళ్ళు "ఫాలోయర్లు", అంటే వెంట నడిచే వాళ్ళు. జీతం సిపాయికన్నా తక్కువ, మర్యాద ఇంకా తక్కువ. గుండు మాత్రం కులం చూడలేదు, అందరికీ సమానంగానే తగిలింది. యుద్ధ చరిత్ర రాసిన వాళ్ళు ఇంత మందిని వందేళ్ళు పక్కన పెట్టారు. ఇట్లాంటి పుస్తకం తెలుగులోకి రావాలి, పల్లెకు రావాలి.

ఇరాక్‌లో బస్రా దగ్గర ఒక స్మారకం ఉంది. మెసపొటేమియాలో చచ్చిపోయి సమాధి కూడా దొరకని 40 వేల మందికి పైగా సైనికుల గుర్తుగా కట్టారు. తెల్ల సిపాయీల పేర్లు చెక్కారు. ఇండియా అఫీసర్ల పేర్లు చెక్కారు. మామూలు ఇండియా సిపాయీలను మాత్రం ఇంతమంది అని అంకె వేసి వదిలేశారు. 2021లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ తన తప్పు తానే ఒప్పుకుంటూ నివేదిక ఇచ్చింది. మొదటి యుద్ధంలో చనిపోయిన ఆసియా, ఆఫ్రికా వాళ్ళలో కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరు పెట్టి స్మరించలేదని, కొందరిని అసలే స్మరించలేదని చెప్పింది. ఊళ్ళో స్మశానం కూడా వేరుగా పెట్టే దేశంలో పుట్టిన మనకు ఇందులో వింత లేదు. కానీ వందేళ్ళకైనా అడిగిన వాళ్ళుంటేనే జవాబు వచ్చిందని గుర్తు పెట్టుకోవాలి.

రెండో యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అది తెలుగు పుస్తకాల్లో ఉంది. అదే సమయంలో బర్మా నుంచి మన వాళ్ళు కాలినడకన పారిపోయి వస్తున్నారు. రంగూన్ రేవులో మూటలు మోసిన, బియ్యం మిల్లుల్లో చాకిరీ చేసిన, వీధులు ఊడ్చిన తెలుగు కూలీలను అక్కడ "కోరంగీ"లు అనేవాళ్ళు. కోరంగి రేవు నుంచి ఓడెక్కి పోయినందుకు ఆ పేరు. జపాను సేన రాగానే డబ్బున్న వాళ్ళు ఓడల మీద, విమానాల మీద దాటారు. నాలుగైదు లక్షల మంది ఇండియా వాళ్ళు బర్మా వదిలితే అందులో ఎక్కువ మంది అడవుల్లో, కొండల్లో నడిచారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో వేల మంది దారిలోనే రాలిపోయారు. వాళ్ళను లెక్క రాసిన వాడు లేడు.

మలయా రబ్బరు తోటల్లోని తమిళ, తెలుగు కూలీలను జపాను వాళ్ళు సయాం రైలు దారి వెయ్యటానికి తోలుకుపోయారు. 1942, 43ల్లో 415 కిలోమీటర్ల దారి వేశారు. ఆ పనిలో 60 వేల మంది దాకా యుద్ధ ఖైదీలుంటే 12 వేల మందికి పైగా చచ్చారు. ఆసియా కూలీలు రెండు లక్షల ప్రాంతం, చచ్చిన వాళ్ళు 90 వేల దాకా అని అంచనా. ఖైదీలకు థాయిలాండు కాంచనబురిలో స్మశానం ఉంది. దాదాపు 7 వేల సమాధులు, పచ్చిక, పూలమొక్కలు, చాలా వాటి మీద పేర్లు. వాళ్ళ మీద 1957లో "ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్" అనే సినిమా తీస్తే ప్రపంచమంతా చూసింది. ఆ సినిమాలో కథంతా తెల్ల ఖైదీలదే. కూలీలను గుంతల్లో పూడ్చారు. యుద్ధ పుస్తకం తీసినప్పుడు మనం మొదట ఈ లెక్కే చూడాలి. సమాధి ఎవరికి, గుంత ఎవరికి?

మన రోడ్డు మీద నడిచిన యుద్ధం

దూర దేశాల సంగతి అట్లా ఉంచండి. 1948 సెప్టెంబరు 13న ఇండియా సైన్యం నైజాం మీదికి కదిలింది. దానికి పోలీసు చర్య అని పేరు పెట్టారు. తూర్పు నుంచి పోయిన దండు బెజవాడ, హైదరాబాదు రోడ్డు పట్టుకుని కోదాడ, మునగాల మీదుగా సూర్యాపేటకు పోయింది. అంటే మన నందిగామ, జగ్గయ్యపేట రోడ్డు మీదనే యుద్ధం నడిచింది. ఇవాళ మనం హైదరాబాదు బస్సెక్కే రోడ్డు అదే. సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయాడు.

దీని మీద పుస్తకాలకు కొదవ లేదు. ఢిల్లీ తరపున వి.పి. మీనన్ రాశాడు, కె.ఎం. మున్షీ రాశాడు. నిజాం ప్రధాని లాయక్ అలీ తన వైపు కథ రాశాడు. పుచ్చలపల్లి సుందరయ్య గారు 1972లో తెలంగాణ పోరాటం మీద పెద్ద పుస్తకం రాశారు. సైన్యం రజాకార్లను అణచినాక రైతుల మీదికి ఎట్లా తిరిగిందో, 1951 దాకా ఏం జరిగిందో అందులో ఉంది. పోలీసు చర్య నాటి మారణకాండ మీద సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు తొక్కిపెట్టింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని, ఎక్కువ మంది మరాఠ్వాడా, కన్నడ జిల్లాల ముస్లింలని అందులో ఉంది. ఏ.జి. నూరానీ 2013లో తన పుస్తకంలో దాన్ని అచ్చేశారు. ఆ సామాన్య ముస్లింల చావు లెక్కను కూడా మనం మన లెక్కలాగే చూడాలి. పేరు లేని చావులన్నీ ఒకే కుప్పలో పడి ఉన్నాయి.

ఈ పుస్తకాలన్నిటిలో మంత్రి ఉన్నాడు, జనరల్ ఉన్నాడు, నాయకుడు ఉన్నాడు. మెట్ట పల్లెల కూలి మనిషి లేడు. దండు పోతున్నప్పుడు రోడ్డు పక్కన నిలబడి చూసింది ఎవరు? బండ్లు తోలింది ఎవరు? సరిహద్దు దాటి పారిపోయి వచ్చిన వాళ్ళకు గూడెంలో గంజి పోసింది ఎవరు? 1948లో పదేళ్ళున్న పిల్ల ఇవాళ తొంభైకి దగ్గరపడ్డ ముసలమ్మ. ఆమె పోతే ఆ పేజీ పోయినట్టే.

ఎట్లా రాయాలో దారి చూపిన పుస్తకం కూడా ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన వాళ్ళు "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చారు. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి పోయి, వాళ్ళ మాట వాళ్ళ యాసలోనే దించారు. చాకలి ఐలమ్మ గొంతు అట్లా పుస్తకంలోకి వచ్చింది. నాయకులు రాసిన చరిత్రలో లేని ఆకలి, భయం, కాన్పు, కన్నీళ్ళు అందులో ఉన్నాయి. అదే పని మన పేటల్లో మనం చెయ్యలేమా?

యుద్ధంలో మనకెందుకు వాటా?

ఒక మాట వస్తుంది. మన కార్యకర్తల్లోనే కొందరు అడుగుతున్నారు. "కుంఫిణీ కోసం, తెల్లోడి కోసం చచ్చినోళ్ళను ఇప్పుడెందుకు మొయ్యాలి? యుద్ధం చెడ్డది గదా?"

యుద్ధం చెడ్డదే. ఆ మాట మన మెట్టకు రెండు వేల ఏళ్ళ నాడే తెలుసు. జగ్గయ్యపేట బౌద్ధ స్తూపంలో దొరికిన చక్రవర్తి శిల్పం మద్రాసు మ్యూజియంలో ఉంది. 1882లో బర్జెస్ దొర ఈ స్తూపాన్ని తవ్వించాడు. ఆ చక్రవర్తి చెయ్యి పైకెత్తితే నాణేల వాన కురుస్తుంది. చక్రవర్తి అంటే కర్రా కత్తీ లేకుండా ధర్మంతో భూమిని గెలిచేవాడని బౌద్ధం చెప్పింది. కత్తి లేకుండా గెలిచే రాజును రాతిలో చెక్కిన నేల ఇది. యుద్ధాన్ని పొగిడే పని మనది కాదు.

కానీ మన వాళ్ళు పటాలానికి పోయింది యుద్ధం మీద మోజుతో కాదు. జీతం కోసం, అన్నం కోసం, ఆసామి గడప దాటటం కోసం పోయారు. బస్రా చూసి, బర్మా చూసి తిరిగొచ్చిన వాడికి ఊళ్ళో మళ్ళీ విడి గ్లాసే ఇచ్చారు. అయినా ఆయన ఊరికే రాలేదు. సంతకం నేర్చుకుని వచ్చాడు, ఉత్తరం రాయటం నేర్చుకుని వచ్చాడు, కొడుకును బడిలో వేశాడు. మన పల్లెల్లో చాలా ఇళ్ళకు మొదటి అక్షరం మిషనరీ బడి నుంచో, పటాలం నుంచో వచ్చింది. ఇది మన చదువు చరిత్ర కూడా.

పైగా ఇది కడుపుకు సంబంధించిన సంగతి. మాజీ సైనికుడి కుటుంబానికి పింఛను కావాలన్నా, సాయం కావాలన్నా, భూమి పట్టా అడగాలన్నా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళు మొదట అడిగేది డిశ్చార్జి కాగితం. కాగితం ఉన్న కుటుంబం అడిగి తెచ్చుకుంది. కాగితం పెట్టెలో ఉండి కూడా చదివేవాడు లేని కుటుంబం పోగొట్టుకుంది. చరిత్ర పోవటం అంటే ఇట్లా కూడా పోవటమే.

చెయ్యాల్సిన పని

ప్రతి పేటలో చదువుకున్న పిల్లలు ఇద్దరు ఒక నోటు పుస్తకం పట్టుకుని బయల్దేరాలి. పటాలానికి పోయిన వాడి పేరు, తండ్రి పేరు, పేట, పోయిన సంవత్సరం, చేసిన పని, తిరిగొచ్చాడా లేదా అన్నది రాయాలి. సిపాయి అయినా, వంటవాడైనా, పాకీ పని చేసినా సిగ్గు పడకుండా ఉన్నది ఉన్నట్టు రాయాలి. డిశ్చార్జి పుస్తకం, మెడలు, ఫోటో, ఉత్తరం ఏది దొరికినా ఫోటో తీసి, అసలు కాగితం ఆ ఇంట్లోనే వదిలిపెట్టాలి. కాగితాన్ని చదివి ఇంటి వాళ్ళకు తెలుగులో అర్థం చెప్పాలి. అదే రోజు ఆ ఇంటి ముసలమ్మను కూచోబెట్టి 1948లో ఏం చూసిందో అడిగి, ఆమె మాటల్లోనే దించాలి. ఆయన పటాలంలో ఉన్నన్నాళ్ళు పిల్లల్ని ఎట్లా సాకిందో కూడా అడగాలి. యుద్ధం ఆమె కూడా చేసింది.

రెండో పని గ్రంథాలయంలో ఉంది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మనమూ కడుతున్నాం. జగ్గయ్యపేట, నందిగామ శాఖా గ్రంథాలయాలకు పోయి ఇక్కడ చెప్పిన పుస్తకాలు తెప్పించమని రాతపూర్వకంగా అడగాలి. వారానికొక రాత్రి పేటలో పదిమందిని కూచోబెట్టి ఒక అధ్యాయం బిగ్గరగా చదవాలి. చదువు రాని వాళ్ళు వింటూ అడిగే ప్రశ్నలు చదువుకున్న వాళ్ళకు తట్టవు. "ఆ దండుకు అన్నం వండింది ఎవరు?" అని ఒకమ్మ అడిగిందంటే పుస్తకంలో ఏ పేజీ ఖాళీగా ఉందో అందరికీ తెలుస్తుంది.

2022లో మన మెట్ట కృష్ణా జిల్లా నుంచి విడిపడి ఎన్టీఆర్ జిల్లా అయింది. కొత్త జిల్లా చరిత్ర అని రేపు ఎవరో ఒకరు రాస్తారు. అందులో వాసిరెడ్డి రాజులు ఉంటారు, మునగాల జమీందార్లు ఉంటారు. పటాలానికి పోయిన మన తాతలు ఉండాలంటే ఆ నోటు పుస్తకం అప్పటికి నిండి ఉండాలి. వచ్చే ఆదివారం ఎవరి పేటలో వాళ్ళు మొదలుపెట్టండి. మొదటి పేరు రాసిన తర్వాత రెండోది దానంతటదే వస్తుంది.